ఆఖరు ఎవరు?

స్తెపనీదకి కావలసింది ఒక్క కిటికీ. మణులూ మాన్యాలూ అడగలేదు పాపం. ఆ కిటికీ ఎక్కడో కూడా లేదు, పలకచెక్క అడ్డుగోడకి అవతలే ఉంది. ఒకప్పుడు ఏదో తోలు వ్యాపారి విందులు చేసుకున్న హాలు అది. విప్లవం వచ్చాక దాన్ని రెండు చేసి ఇద్దరికి పంచారు. పంచిన వడ్రంగి పైకి చూసినట్టు లేడు. లప్పంతో చేసిన దేవదూత ఒకడు కప్పుకి అతుక్కుని ఉండేవాడు. అడ్డుగోడ సరిగ్గా వాడి నడుం మీదుగా పోయింది. తలా, రెక్కలూ, కిటికీ అవతలివైపు. రెండు బోసి కాళ్ళు మాత్రం స్తెపనీద వైపు.

ఆ కాళ్ళ కింద ముగ్గురు ఉండేవారు. స్తెపనీద, ఆమె మొగుడు మకార్, అత్త ఉస్తీన్య. మకార్ ట్రాముల డిపోలో ఫిట్టరు, మాట తక్కువ మనిషి. ఉస్తీన్య ఆ తక్కువంతా పూడ్చేది. స్తెపనీద రబ్బరు ఫ్యాక్టరీలో గలోషులకి, అంటే బూట్ల మీద తొడిగే రబ్బరు జోళ్ళకి, వార్నీషు పూసే పని చేసేది. మిట్టమధ్యాహ్నం కూడా దీపం వెలిగించుకోవలసిన ఆ గదిలోకి వేసవి చివరికి నాలుగో మనిషి రాబోతున్నాడు. పసిగుడ్డుని చీకట్లో పెంచితే కాళ్ళు వంకరపోతాయని ఫ్యాక్టరీ డాక్టరమ్మ చెప్పినప్పటినుంచీ స్తెపనీదకి కంటిమీద కునుకు లేదు.

అవతల ఎరాస్త్ పావ్లోవిచ్ లూపిన్ ఒక్కడే ఉండేవాడు. ఎండుచేపలా సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. పొద్దున్నే ఉమ్మడి వంటింట్లోకి వచ్చి, బల్ల మీద బారుగా ఉన్న కిరసనాయిలు స్టవ్వులన్నిటికీ ఒక్కొక్కదానికీ వంగి నమస్కారం పెట్టేవాడు. మొదట్లో అందరూ ముక్కున వేలేసుకున్నారు. తరవాత తరవాత, ఏ రోజైనా ఆయన తమ స్టవ్వుని మరిచిపోతే మొహం మాడ్చుకోవడం మొదలుపెట్టారు.

చేసే పని అంటే, పిల్లల పత్రికకి తమాషా పద్యాలు రాయడం. నెలకి రెండో మూడో. తిండికి అవే ఆధారం. మిగతా వేళంతా ఇంకేదో రాసేవాడు. దాన్ని ఏ పత్రికా వేసుకోదు, ఏ క్లబ్బూ చదవనివ్వదు. రాయడం అన్నానుగానీ ఆయన రాసేది చివర్న. ముందు ఆ కిటికీకీ తలుపుకీ మధ్య నడిచేవాడు. నడుస్తూ ఒక వాక్యం పైకి అనేవాడు. అది నచ్చేదాకా అదే వాక్యం. మాట అటు మార్చి, ఇటు మార్చి, ఆగి, మళ్ళీ మొదట్నుంచి. పలకచెక్క ఎంత మందం ఉంటుంది గనక! ఆ కొంపలో దగ్గితే పక్కవాడు జలుబు మందు తాగేవాడు.

ఆ వసంతమంతా ఆయన ఒకే ముక్క పట్టుకుని నడిచాడు.

«ఆఖరు ఎవరు?
నేనే, అంది బీరువా.
బీరువా వెనక చేప నిలబడింది.
చేప వెనక చేప గొంతు.
గొంతు వెనక మంగళవారం.
మంగళవారం వెనక టోపీ లేని ముసలమ్మ.
ముసలమ్మ వెనక ఆమె టోపీ.
ఏమిస్తున్నారిక్కడ?
ఎవరికీ తెలీదు. జరగండి, జరగండి.»

ఆ రోజుల్లో లెనిన్‌గ్రాడ్‌లో ఏది కావాలన్నా క్యూలో నిలబడాల్సిందే. రొట్టెకి క్యూ, కిరసనాయిలుకి క్యూ, దారానికి క్యూ. ఎక్కడ నలుగురు నిలబడి కనిపించినా పరుగున పోయి ‘ఆఖరు ఎవరు?’ అని అడిగి, వాళ్ళ వెనక నిలబడి, ఆ తరవాతే ఏమిస్తున్నారని అడిగేవాళ్ళు. దాన్ని పట్టుకెళ్ళి ఇలా బీరువాకీ చేపకీ తగిలించిన మనిషి ఇంకొకడు నాకు తెలిసి లేడు. అప్పటికి అది పిచ్చి అన్నవాళ్ళే ఎక్కువ.

“ఏమే, వీడు పనీపాటా లేకుండా ఆ గదిలో పచార్లు చేస్తుంటే మనం ఇక్కడ ఒకళ్ళమీద ఒకళ్ళం పడుకోవాలా?” అంది ఉస్తీన్య ఒకరోజు, పలకచెక్క అవతలికి వినిపించేలాగే.

“యూనియన్ కార్డు కూడా లేదటత్తయ్యా. కార్డు లేకపోతే పనివాడు కాడు. పనివాడు కాకపోతే గదెందుకు?” అంది స్తెపనీద. అన్నాక తన మాటకి తనే ఉలిక్కిపడింది. కానీ ఆ మాట పురుగులా మెదడులో దూరింది. వారం తిరక్కుండానే ఇంటి కమిటీ అధ్యక్షుడు బుర్యాక్ దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు చేసి వచ్చింది.

బుర్యాక్ ఒకప్పుడు గుర్రపు దళంలో చేశాడు. ఇప్పుడు గుర్రం లేదు, గొంతు మాత్రం ఉంది. “స్నేహపూర్వక న్యాయస్థానం పెడదాం. ఆదివారం. వంటింట్లో. ఇరుగుపొరుగువాళ్ళే తేలుస్తారు,” అన్నాడు. తప్పు తేలితే లూపిన్ గది పోతుంది. గది పోతే ఊళ్ళో ఉండే హక్కూ పోతుంది. ఆ సంగతి బుర్యాక్ చెప్పలేదు, స్తెపనీద అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం స్టవ్వులన్నీ ఒక మూలకి జరిపి, వంటింటి బల్లకి ఎర్రగుడ్డ పరిచారు. బుర్యాక్ మధ్యలో కూర్చున్నాడు. ఒకవైపు దర్జీ జల్మాన్, నోట్లో గుండుసూదులు పెట్టుకునే అలవాటున్న పెద్దాయన. రెండోవైపు అడెలైదా కార్లొవ్నా. ఒకప్పుడు గొప్పింటి పిల్లలకి పియానో నేర్పిందావిడ, ఇప్పుడు కూడా క్యూలో చేతి తొడుగులు వేసుకునే నిలబడుతుంది. లూపిన్‌ని సింకు పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. వచ్చేటప్పుడు మూలనున్న స్టవ్వులన్నిటికీ నమస్కారం పెట్టే వచ్చాడు.

“ఫిర్యాదుదారు చెప్పండి,” అన్నాడు బుర్యాక్.

స్తెపనీద లేచి నిలబడింది. పొట్ట బల్లకి తగిలింది. “ఈయన పని చెయ్యడు కామ్రేడ్. పొద్దస్తమానం నడుస్తాడు. నడుస్తూ అర్థంపర్థం లేని వాగుడు వాగుతాడు.”

“రుజువు? వాగుడంటే ఏం వాగుడు? చెప్పమ్మా, కోర్టు వినాలి కదా.”

స్తెపనీద గట్టిగా ఊపిరి తీసుకుంది. తను చెబుతున్నది నేరం. దాన్ని నేరంలాగే చెప్పాలనుకుంది. “ఆఖరు ఎవరు?” అని మొదలుపెట్టింది. “నేనే, అంది బీరువా.” ఇక్కడ ఆయన ఒక్క క్షణం ఆగేవాడు. ఆమె కూడా ఆగింది. ఎందుకు ఆగిందో ఆమెకే తెలీదు. ఫ్యాక్టరీలో గలోషుని వార్నీషులో ముంచి తీసినప్పుడల్లా ఇదే ముక్క పెదాల మీద ఆడేది. ముంచినప్పుడు బీరువా, తీసినప్పుడు చేప. ఆ చెయ్యి ఇప్పుడు గాలిలో అలాగే ఆడింది. “బీరువా వెనక చేప నిలబడింది. చేప వెనక చేప గొంతు. గొంతు వెనక...”

“ఆగమ్మాయ్!” జల్మాన్ నోట్లోంచి సూదులు తీశాడు. “గొంతు చేప వెనక కాదు. ముందు. గొంతు ముందొచ్చి చేపకి చోటు పట్టింది.”

“అది మొదట్లో సంగతి జల్మానూ. మొన్న ఈస్టరు ముందు ఉపవాసాల రోజుల్లో మార్చేశాడు. నాకు తెలుసు, పక్కగోడ నాది,” అంది ఉస్తీన్య.

“క్షమించాలి,” అడెలైదా కార్లొవ్నా చేతి తొడుగు సర్దుకుంది. “మీరిద్దరూ మంగళవారానికి అన్యాయం చేస్తున్నారు. మంగళవారం వీళ్ళందరికంటే ముందే వచ్చింది. ‘మీ వెనక నేనున్నాను’ అని బీరువాతో చెప్పి, కాసేపు పక్కకి వెళ్ళింది.”

“అదెప్పుడు?”

“ఏప్రిల్లో. తలుపు తీసుంది, నడవలో నిలబడి విన్నాను. తరవాత ఆ వాక్యం తీసేశారు. తీసెయ్యకుండా ఉండాల్సింది.”

“చెప్పి వెళ్తే చోటు ఉన్నట్టే!” అంది ఉస్తీన్య.

“ఎంతసేపు వెళ్ళిందేవిటి? మొన్న కిరసనాయిలు క్యూలో నువ్వూ ఇలాగే చెప్పి వెళ్ళి, మళ్ళీ జనం కరిగిపోయాక వచ్చి నా ముందు దూరావు!” అన్నాడు జల్మాన్.

“నేను దూరానా? నోరు పడిపోను! ఆ టోపీ లేని ముసల్దాన్ని అడుగు, ఎవరు దూరారో!”

“ఏ ముసల్ది?”

“మంగళవారం వెనకదే!”

వంటిల్లు సంతలా అయిపోయింది. బీరువా వెనక ఎవరు, చేప ఎవర్ని తోసింది, టోపీకి విడిగా చోటివ్వాలా లేక ముసలమ్మ చోటులోనే సర్దాలా. జన్మంతా క్యూల్లో నిలబడ్డ వాళ్ళు. ఏది తప్పినా ఊరుకుంటారుగానీ క్యూలో అన్యాయం జరిగితే ఊరుకోరు. ఎన్నడూ నోరు మెదపని మకార్ కూడా తలుపు దగ్గర్నుంచి, “టోపీ విడిగా వచ్చింది. విడిగానే ఇవ్వాలి,” అన్నాడు. పెళ్ళాం వాడివైపు వింతగా చూసింది.

బుర్యాక్ బల్ల మీద గుద్దాడు. ఎర్రగుడ్డ మీద గ్లాసు ఎగిరిపడింది. “నిశ్శబ్దం! అసలు ఇంతకీ అక్కడ ఏమిస్తున్నారు?”

అందరూ ఒక్కసారి లూపిన్ వైపు తిరిగారు.

లూపిన్ స్టూలు మీద వంగి కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఏ సభలో చదవనివ్వని మనిషికి ఆ మధ్యాహ్నం దొరికినట్టు సభ ఇంకెవరికి దొరుకుతుంది! “తెలీదు కామ్రేడ్,” అన్నాడు మెల్లగా. “అది తెలుసుకోవడానికే నడుస్తున్నాను.”

“ఎన్నాళ్ళు నడుస్తారు?”

“తెలిసేదాకా.”

జల్మాన్ గొంతు సవరించుకున్నాడు. “కామ్రేడ్ బుర్యాక్, నా దగ్గర ఒకడు కోటు కుట్టించుకుంటే తొడుక్కుని పోతాడు. కుట్టానని అదే రుజువు. ఈయన కుట్టిందేదో మాకందరికీ ఒంటిమీదే ఉంది. ఇంతసేపూ చూశావుగా. మళ్ళీ పని చెయ్యడంటారేం?”

బుర్యాక్ మీసం దువ్వుకున్నాడు. చివరికి తీర్పు చెప్పాడు. “పని చేస్తున్నాడు. కాకపోతే కాస్త గొంతు తగ్గించి చెయ్యాలి.” లేచి వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగి, “బీరువా ముందు ఎవరూ లేరా?” అని అడిగాడు.

స్తెపనీద గదిలోకి పోయి దేవదూత కాళ్ళ కింద మంచం మీద పడి ఏడ్చింది. ఓడిపోయినందుకు ఏడుపు. తన నోటితో తనే ఓడించుకున్నందుకు ఇంకా ఏడుపు. వీటన్నిటికీ అడుగున, అంతమందిలో తనే తక్కినవాళ్ళకంటే బాగా చెప్పిందన్న గర్వం ఒకటి సిగ్గులేకుండా మెదిలింది. అది తెలిసి మరీ ఏడ్చింది.

అవతలనుంచి పలకచెక్క మీద వేళ్ళతో తట్టిన చప్పుడు. “స్తెపనీదా యెగోరొవ్నా, మీకు కావాల్సింది గదా, కిటికీయా?”

ఆమె ముక్కు చీదుకుంది. “కిటికీ. పుట్టబోయేదానికి వెలుతురు కావాలి.”

“ముందే చెప్పొద్దూ! గది ఇవ్వడం నావల్ల కాదుగానీ కిటికీ ఇవ్వగలను. మకార్‌ని రంపం తెమ్మనండి.”

సాయంత్రం వెలుతురు ఉండగానే ఇద్దరూ కలిసి పలకచెక్క పైభాగాన్ని కోసేశారు, మనిషి తల ఎత్తు నుంచి కప్పు దాకా. చెక్కముక్క ఊడి రాగానే కాలువ మీది వెలుగు ఆ గదిలోకి మొదటిసారి వచ్చి ఎదుటి గోడకి తగిలింది. నీళ్ళ కదలికతో సహా వచ్చింది. స్తెపనీద తలెత్తి చూసింది. ఇన్నేళ్ళుగా కాళ్ళు మాత్రమే తెలిసిన దేవదూతకి మొహం కనపడింది. ముక్కు విరిగి ఉంది. నవ్వుతున్నాడు. ఉస్తీన్య శిలువ గుర్తు వేసుకుని, “ముక్కు లేకపోయినా కళగానే ఉన్నాడు వెధవ,” అంది.

ఆగస్టులో ఆడపిల్ల పుట్టింది. తోన్య అని పేరు పెట్టారు. ఉయ్యాల సరిగ్గా వెలుతురు పడే చోట కట్టారు. లూపిన్ అవతల నడుస్తూ వాక్యం అంటుంటే పిల్ల ఇవతల ఊకొట్టేది. పిల్ల నిద్రపోతే ఆయన గొంతు గుసగుసకి దిగిపోయేది. అప్పుడు కోత మీదుగా ఆయన తల ఒక్కటే పైకి లేచేది.

“స్తెపనీదా యెగోరొవ్నా, మంగళవారాన్ని మళ్ళీ ముందుకి తెమ్మంటారా?”

“తెండి. అడెలైదా కార్లొవ్నా సంతోషిస్తుంది. కానీ టోపీ జోలికి వెళ్ళకండి, మా ఆయన ఊరుకోడు.”

“సరే, టోపీ ఆయనకే.”

“ఇంతకీ ఏమిస్తున్నారో తేలిందా?”

“లేదు. మీరు రోజూ నిలబడతారుగా క్యూల్లో. మీకు ముందు తెలిస్తే నాకు చెప్పండి.”

ఇంత తెలివైన మనిషి తనని అడగడమేమిటని స్తెపనీద మొదట్లో నవ్వేది. రానురాను ఆయన నిజంగానే అడుగుతున్నాడని అర్థమైంది. లోకంలో ఎవరూ అడగని ప్రశ్నని ఒక మనిషి ఆకలితో, చిరిగిన మేజోళ్ళతో, అంత మర్యాదగా మోసుకు తిరుగుతున్నాడు. దాన్ని చూసి ఆమెకి ఒక్కోసారి గుండె నిండిపోయేది. అలాంటి మనిషి పక్కన బతకడం అదృష్టం. ఆ మాట ఆమె ఎప్పుడూ పైకి అనలేదు, గిన్నెడు క్యాబేజీ సూప్ మాత్రం కోత మీదుగా అందించేది.

మరుసటి ఏడాది డిసెంబరులో ఒక సాయంత్రం షిఫ్టు దిగి వచ్చేసరికి లూపిన్ తలుపు మీద లక్క ముద్ర ఉంది. వంటింట్లో ఉస్తీన్య చెప్పింది. రహస్య పోలీసులు పగలే వచ్చారట. కాగితాలన్నీ గోనెసంచిలో కుక్కి, ఆయన్ని తీసుకెళ్ళారట. వెళ్తూ వెళ్తూ వంటింటి తలుపు దగ్గర ఆగి స్టవ్వులకి నమస్కారం పెడుతుంటే వెంట వచ్చినవాడు “ఇదేం వేషం?” అన్నాడట. “పొరుగువాళ్ళండీ,” అన్నాడట లూపిన్.

తలుపుకి ముద్ర వేశారుగానీ గోడ పైన ఉన్న కోత సంగతి వాళ్ళు పట్టించుకోలేదు. వెలుతురు రోజూ వస్తూనే ఉంది. స్తెపనీద మంచం మీద నిలబడి చూస్తే ఖాళీ సొరుగులు, నేల మీద ఆయన నడిచి నడిచి అరగదీసిన దారి కనిపించేవి.

కొన్ని వారాలకి బుర్యాక్ వచ్చి ముద్ర విరగ్గొట్టాడు. ఆమె మొహంకేసి చూడలేదు. “గది మీకు రాశారు. అడిగారుగా అప్పట్లో.”

అవును, అడిగింది. అడిగినదంతా, కిటికీతో సహా, ఇప్పుడు చేతిలో పెట్టారు. వద్దంటే ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి చేరతాడు. అందుకని తీసుకుంది. మంచం మాత్రం ఇవతలే ఉంచుకుంది. అవతలి గదిలో ఏమీ పెట్టలేదు.

జైలుకి పొట్లం పంపొచ్చని జల్మాన్‌కి ఎవరో చెప్పారు. చెప్పిన మర్నాడే బల్ల మీద ఒక్కొక్కటీ చేరాయి. జల్మాన్ గుడ్డపీలికలు కుట్టి దూది పెట్టిన చేతుల్లేని కోటు తెచ్చాడు. అడెలైదా కార్లొవ్నా తన చక్కెర కోటా తెచ్చింది. ఉస్తీన్య నల్లరొట్టె ఎండబెట్టి మూటకట్టింది. మకార్ ఏమీ అనకుండా చెవులు కప్పే తన టోపీ తీసి పైన పెట్టాడు. అంత చలిలో వాడు ఒట్టి తలతో డిపోకి పోయాడు.

నేవా నది గాలికి మొహాలు తెగిపోతున్నాయి. జైలు గోడ పొడుగునా ఆడవాళ్ళు బారుగా నిలబడి ఉన్నారు. స్తెపనీద పొట్లం గుండెకి హత్తుకుని దగ్గరికి వెళ్ళి, రోజూ అడిగినట్టే అడిగింది. “ఆఖరు ఎవరు?”

“నేనే,” అంది ఒకామె. గోధుమరంగు కోటులో, భుజాలు వెడల్పుగా, అచ్చం బీరువాలా ఉంది.

స్తెపనీద ఆమె వెనక నిలబడింది. క్యూ అంగుళం అంగుళం కదిలింది. జరగండి, జరగండి, అంటున్నాడు కాపలావాడు. కాసేపటికి స్తెపనీద పెదాలు వాటంతటవే కదిలాయి. ముందున్నామె వెనక్కి తిరిగి, “ఏమంటున్నావమ్మా, ప్రార్థనా?” అంది. స్తెపనీద ఆమె చెవిలో మొదట్నుంచి చెప్పింది. చేప గొంతు దగ్గరికి వచ్చేసరికి ఆ పెద్దావిడ పెదవి ఒక మూల వంగింది. ఎన్నాళ్ళకి నవ్విందో ఏమో! “మళ్ళీ చెప్పు, మా చెల్లెలు వినాలి,” అంది. అలా ఆ చేప, మంగళవారం, టోపీ, ఒకరి చెవినుంచి ఒకరి చెవికి జైలుగోడ పొడుగునా ముందుకి పాకాయి.

అప్పుడే వీధి మలుపులోంచి చేతిసంచీతో ఒక పల్లెటూరి పిల్ల పరుగెత్తుకొచ్చింది. ఊరికి కొత్త అని చూడగానే తెలుస్తోంది. “ఆఖరు ఎవరు? మీరా? మీ వెనక నేను. ఏమిస్తున్నారమ్మా ఇక్కడ?”

స్తెపనీదే చెప్పాల్సి వచ్చింది.

“ఇక్కడ ఏమీ ఇవ్వరమ్మా. తీసుకుంటారు. మనం తెచ్చింది తీసుకున్నారంటే, మనిషి ఉన్నట్టు.”

ఆ మాట నోట్లోంచి వచ్చాక తను ఏం చెప్పిందో ఆమెకి అర్థమైంది. ఆయన అన్నాళ్ళు నడిచింది దీనికే. ఇప్పుడు తెలిసింది, చెప్పడానికి ఆయన అవతల లేడు.

చిన్న కిటికీ దగ్గరికి చేరింది. అదీ కిటికీయే. లోపలివాడు తలెత్తకుండా, “ఎవరికి?” అన్నాడు.

“లూపిన్. ఎరాస్త్ పావ్లోవిచ్.”

“ఏమవుతావు?”

“చెల్లెల్ని.”

“నీ పేరు?” చెప్పింది. వాడు తలెత్తాడు. “తండ్రి పేరు వేరేగా ఉందే? వాడు పావ్లోవిచ్, నువ్వు యెగోరొవ్నావి.”

“తల్లి ఒకతే,” అంది స్తెపనీద, రెప్ప వాల్చకుండా.

వాడు లోపలికి వెళ్ళాడు. ఎంతసేపటికీ రాలేదు. పొట్లం ఇవతలి గట్టు మీదే ఉంది, మకార్ టోపీ పైకి కనిపిస్తూ. ఆమె దాని మీదనుంచి చూపు మరల్చలేదు. ఒక చెయ్యి వచ్చి పొట్లాన్ని లోపలికి లాక్కుంది.

“తరవాతి మనిషి!”

ఇంటికి వచ్చేసరికి నడవలో అందరూ నిలబడి ఉన్నారు. తిన్నగా ఆ ఖాళీ గదిలోకి వెళ్ళింది. అరిగిన దారి మీద నిలబడి, కాలువ వైపు చూసింది. పలకచెక్క మీద ఉస్తీన్య వేళ్ళతో తట్టింది.

“ఏమైందే?”

“తీసుకున్నారత్తయ్యా.”

కోత అవతల ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. జల్మాన్ కావచ్చు. ఉయ్యాల్లో తోన్య కదిలింది. ఉస్తీన్య ఉయ్యాల ఊపింది.

“అయితే చెప్పు. మొదట్నుంచి చెప్పు. పిల్ల వింటోంది.”

స్తెపనీద కన్నీళ్ళు తుడుచుకుని, కిటికీ దగ్గర్నుంచి తలుపు వైపు నడవడం మొదలుపెట్టింది.

“ఆఖరు ఎవరు?” అంది. ఒక్క క్షణం ఆగింది. “నేనే, అంది బీరువా.”